ఫిరంగి నుంచి ఫిల్టరు దాకా: కౌంట్ రంఫర్డ్ జీవితం

డిగ్రీ ఫిజిక్సులో ఉష్ణగతికశాస్త్రం మొదలయ్యే చోట కౌంట్ రంఫర్డ్ పేరు ఒకే ఒక్కసారి వస్తుంది. ఫిరంగి గొట్టాలు తొలుస్తుంటే పుట్టిన వేడిని చూసి, వేడి అనేది పదార్థం కాదని తేల్చినవాడని ఒక్క వాక్యం. ఆ వెంటనే జూల్ వస్తాడు, సమీకరణాలు వస్తాయి, మార్కులు వాటికే గనక మన చూపు అటు పోతుంది. న్యూటన్ గురించి, రామన్ గురించి మన సీనియర్లు ఇటువంటి సంచికల్లో ఏటా రాస్తూనే వచ్చారు. అందుకని నేను ఆ ఒక్క వాక్యం మనిషిని ఎన్నుకున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. ఇంట్లో కాఫీ దింపుకోవడానికి నమ్మదగిన ఫిల్టరు ఏదని వెతుకుతుంటే, ఇతన్ని మించిన సలహాదారు నాకు దొరకలేదు. ఫిరంగుల ఆసామికి కాఫీతో ఏం పని అని మిత్రులు నవ్వవచ్చు. కాస్త ఓపిక పట్టవలసిందిగా మనవి.

ఆయన అసలు పేరు బెంజమిన్ థామ్సన్. 1753 మార్చి 26న అమెరికాలోని మసాచుసెట్స్‌లో వోబర్న్ అనే ఊళ్ళో, ఒక రైతు కుటుంబంలో పుట్టాడు. రెండేళ్ళు నిండకముందే తండ్రి పోయాడు. తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుంది. సేద్యం చేసే కుటుంబంలో పుట్టి సేద్యం మీద మనసు లేని పిల్లవాణ్ణి ఏం చెయ్యాలో వోబర్న్‌లోనైనా మా ఊళ్ళోనైనా పెద్దలకు తోచే ఉపాయం ఒకటే. పదమూడేళ్ళకు సేలం పట్టణంలో ఒక కొట్టులో పనికి కుదిర్చారు. అక్కడ సరుకులు తూచవలసింది పోయి బాణసంచా తయారుచేయబోయి ఒళ్ళు కాల్చుకున్నాడు. వేడితో ఆయనకు మొదటి పరిచయం అదే ననుకోవచ్చు. తరవాత కొన్నాళ్ళు ఒక స్నేహితునితో కలిసి హార్వర్డ్ కాలేజీ దాకా నడిచివెళ్ళి, అక్కడి ప్రొఫెసర్ విన్‌త్రోప్ చెప్పే భౌతికశాస్త్రం పాఠాలు విని వచ్చేవాడు. ఆ కాలేజీలో ఆయనకు అడ్మిషన్ లేదు, హాజరు పట్టీ అంతకన్నా లేదు. బస్సు పాసు రాలేదని క్లాసు ఎగ్గొట్టే మిత్రులు ఈ సంగతి గమనించగలరు.

1772లో కాంకర్డ్ అనే ఊరికి బడిపంతులుగా వెళ్ళాడు. ఆ ఊరి పాత పేరు రంఫర్డ్. అదే ఏడు అక్కడి ధనవంతురాలైన వితంతువు సారా రోల్ఫ్‌ను పెళ్ళి చేసుకున్నాడు. ఆమె ఆయనకంటే పదేళ్ళకు పైగా పెద్దది. 1774లో ఒక కూతురు పుట్టింది, ఆ పిల్ల పేరూ సారాయే. అప్పటికి అమెరికా వలసలు ఇంగ్లండు మీద తిరగబడుతున్నాయి. థామ్సన్ రాజు పక్షం. ఊరివాళ్ళు అనుమానించి మీదికి రాగా, భార్యాబిడ్డలను వదిలి పారిపోయాడు.

ఇక్కడ ఆయన చేసిన పనిని దాచవలసిన అవసరం నాకు లేదు. 1775లో బ్రిటిష్ సైన్యానికి రహస్య సిరాతో సమాచారం రాసి పంపాడు. ఆ సిరా రసాయనం మనకు తెలిసిందే. మాచికాయల నుంచి వచ్చే ఆమ్లంతో రాస్తే కాగితం మీద ఏమీ కనబడదు, దానిమీద అన్నభేది నీళ్ళు పూస్తే నల్లని అక్షరాలు లేస్తాయి. మన పూర్వులు కరక్కాయా అన్నభేదీ కలిపి చేసుకున్న సిరా కూడా ఇదే. మనవాళ్ళు రెండూ ముందే కలిపారు, ఆయన రెంటినీ విడదీసి గూఢచర్యం చేశాడు. 1776లో లండన్ చేరాడు. భార్యను మళ్ళీ చూడలేదు. ఆమె 1792లో చనిపోయింది. కూతుర్ని తిరిగి చూసింది 1796లో, ఆ పిల్లకు ఇరవై దాటిన తరవాత.

లండన్‌లో ఆయన ఎదుగుదల చూస్తే కళ్ళు తిరుగుతాయి. 1779లో రాయల్ సొసైటీ సభ్యుడు, 1780లో ప్రభుత్వంలో అండర్ సెక్రటరీ, 1784లో సర్ బిరుదు. పెద్దవాళ్ళను మెప్పించే విద్య ఆయనకు పుట్టుకతో వచ్చింది. కాని ఆ విద్య ఒక్కటే ఉన్నవాళ్ళు ఎందరో ఉంటారు, వాళ్ళ పేర్లు పాఠ్యపుస్తకాల్లో ఉండవు. ఈయనకు రెండో విద్య కూడా ఉంది. కళ్ళముందు జరిగేదాన్ని కొలవకుండా వదలడు. తుపాకి మందు బలాన్ని కొలిచాడు. దీపం వెలుగును పక్కదీపంతో నీడలు పోల్చి కొలిచాడు. బట్టలోంచి వేడి ఎంత పోతుందో కొలిచాడు.

1784 తరవాత జర్మనీలోని బవేరియా పాలకుడు కార్ల్ థియోడోర్ కొలువులో చేరి, మ్యూనిక్ నగరంలో పదేళ్ళకు పైగా చక్రం తిప్పాడు. సైనికులకు కూరగాయల తోటలిచ్చాడు, ఆలుగడ్డ తినడం అలవాటు చేశాడు. 1789లో పని మొదలైన ఇంగ్లీషు గార్డెన్ ఈనాటికీ ఆ నగరానికి పెద్ద ఉద్యానవనం. 1790 జనవరి 1న సైన్యాన్ని దింపి నగరంలోని బిచ్చగాళ్ళందర్నీ పట్టించాడు. జైల్లో వెయ్యలేదు. పనిశాలకు రమ్మన్నాడు. అక్కడ నూలు వడికే పని, వెచ్చని గది, వేడి తిండి, చేసిన పనికి కూలి. బీదవాణ్ణి ముందు మంచివాణ్ణి చేసి ఆ తరవాత సుఖపెట్టాలని అప్పటి పెద్దలు అనుకునేవారు. ఈయన దాన్ని తిరగేశాడు. ముందు కడుపు నిండనిస్తే బుద్ధి దానంతట అదే వస్తుందన్నది ఆయన పద్ధతి. పట్టించి పని చేయించడం ఎంత న్యాయమని అడగవచ్చు. నేనూ అడుగుతాను. కాని ఆ చలికాలంలో వాళ్ళ కడుపు నిండిన మాట కూడా నిజమే.

అంతమందికి వండాలంటే కట్టెలు కావాలి. ఆయన జీవితం అక్కడే మలుపు తిరిగిందని నా అభిప్రాయం. బార్లీ, బఠానీ, ఆలుగడ్డ వేసి కాచే అంబలి వంటి సూపును తయారుచేయించాడు, అది రంఫర్డ్ సూపు పేరుతో యూరప్ అంతా పాకింది. దానికంటే ముఖ్యం, ఆ సూపు ఉడికే పొయ్యిని శోధించాడు. మన పల్లెల్లో మూడు రాళ్ళ పొయ్యి మీద వంట చేసిన ప్రతి తల్లికీ తెలుసు, మంటలో సగానికి పైగా గాలిపాలు, పొగంతా కళ్ళపాలు. ఆ కాలపు యూరప్‌లో రాజుల వంటిళ్ళు కూడా అంతే. రంఫర్డ్ మంటను ఇటుకల మధ్య మూసి, గాలి ఎంత రావాలో తలుపుతో అదుపుచేసి, గిన్నె అడుగు మంటలోకి దిగేటట్టు గుంటలు కట్టించాడు. ఇళ్ళలో చలి కాచుకునే పొయ్యిల గొంతును సన్నం చేసి పొగ గదిలోకి రాకుండా పైకి లాగేటట్టు మార్చాడు. బవేరియాలో చేసిన సేవలకే పవిత్ర రోమన్ సామ్రాజ్యపు కౌంట్ బిరుదు వచ్చింది. తరిమేసిన ఊరి పాత పేరునే బిరుదుగా ఎంచుకున్నాడు. అభిమానమో పంతమో, చదువరులే నిర్ణయించుకోవాలి.

ఇక ఫిరంగి సంగతి. మ్యూనిక్ ఆయుధశాలలో ఇత్తడి ఫిరంగులను బరమాతో తొలుస్తుంటే గొట్టమూ పొట్టూ కాలిపోయేంత వేడెక్కడం చూశాడు. అప్పటి సిద్ధాంతం ప్రకారం వేడి ఒక బరువులేని ద్రవం. దానికి కెలోరిక్ అని పేరుపెట్టినవాడు ఫ్రాన్సులో లవోయిజె. లోహాన్ని ముక్కలు చేస్తే లోపల దాగిన ఆ ద్రవం బయటికి వస్తుందని చెప్పేవారు. రంఫర్డ్ కావాలని మొద్దుబారిన బరమా తీసుకున్నాడు. అది సరిగా కోయదు, రాసుకుంటుంది అంతే. చుట్టూ నీళ్ళ పెట్టె అమర్చాడు. గుర్రాలతో తిప్పించాడు. రెండున్నర గంటలకు, మంటనేది లేకుండా, పెట్టెలోని నీళ్ళు తెర్లాయి. చూడవచ్చినవాళ్ళు నోళ్ళు తెరిచారట. ఎంతసేపు తిప్పితే అంతసేపు వేడి వస్తూనే ఉంది. తరగని సరుకు ఏ గాదెలోనూ ఉండదు. కనుక వేడి సరుకు కాదు, కదలిక అని 1798లో రాయల్ సొసైటీకి నివేదించాడు. రైతుబిడ్డకు ఈ తర్కం పట్టుబడటం కష్టమేమీ కాదు. గాదెలోంచి తీస్తూ పోతే వడ్లు ఎప్పుడో ఒకప్పుడు అయిపోవాలి గదా.

మరుసటి ఏడు, 1799లో, జోసెఫ్ బాంక్స్ మొదలైనవారితో కలిసి లండన్‌లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ స్థాపించాడు. శాస్త్రం మామూలు జనం పనిపాటల్లోకి, వంటింట్లోకి, కార్ఖానాలోకి రావాలన్నది ఆయన కోరిక. 1801లో హంఫ్రీ డేవీ అనే కుర్రవాణ్ణి ఉద్యోగంలోకి తీసుకున్నాడు. ఆ డేవీ 1813లో ఫారడే అనే బైండింగు కుర్రాణ్ణి చేర్చుకున్నాడు. ఈ వరస ఇంక చెప్పనవసరం లేదు. రంఫర్డ్ మాత్రం అక్కడివాళ్ళతో పొసగక 1802లో పారిస్ దారి పట్టాడు. ఎక్కడా ఎవరితోనూ ఎక్కువకాలం పొసగకపోవడం ఈయన జాతకం. 1805లో పారిస్‌లో ఎవరిని పెళ్ళి చేసుకున్నాడనుకున్నారు? 1794లో గిలటిన్ కింద తల పోగొట్టుకున్న ఆ లవోయిజె భార్య మరీ ఆన్‌ను. ఆమె స్వయంగా శాస్త్రజ్ఞురాలు, మొదటి భర్త ప్రయోగాలకు బొమ్మలు గీసిన మనిషి. మొదటి భర్త సిద్ధాంతాన్ని కూలదోసినవాడు రెండో భర్త అయ్యాడు. ఆమెకు ఇంటినిండా అతిథులుండాలి, ఈయనకు ఇల్లు నిశ్శబ్దంగా ఉండాలి. ఒకనాడు అతిథులు లోపలికి రాకుండా ఈయన గేటుకు తాళం వేయిస్తే, ఆమె వెళ్ళి ఈయన ప్రాణప్రదంగా పెంచుకునే పూలమొక్కల మీద మరిగే నీళ్ళు పోసింది. 1809లో విడిపోయారు.

మరిగే నీళ్ళు పోయడం గురించి ఆయన పెద్ద వ్యాసం రాసింది దీని తరవాతనే, 1812లో. రెండింటికీ సంబంధం అంటగట్టడం నా ఉద్దేశం కాదు. ఆ వ్యాసం కాఫీ గుణాల గురించీ, దాన్ని అత్యుత్తమంగా తయారుచేసే కళ గురించీ. చవకగా, ఒంటికి మేలుగా, తాగుడుకు బదులుగా పనివాళ్ళకు ఒక పానీయం దొరకాలని ఆయన తాపత్రయం. కాఫీ మంచిదే కాని జనానికి కాచడం చేతకావడం లేదని ఆయన ఫిర్యాదు. పొడిని నీళ్ళలో వేసి కుతకుత ఉడికిస్తున్నారు. ఉడికితే వాసన ఆవిరితో పోతుంది, చేదు మిగులుతుంది. ఇల్లంతా కాఫీ వాసన గుమాయిస్తున్నదంటే ఆ వాసన కప్పులో లేదన్నమాటే. కాఫీ ప్రియులు ఒక్క నిమిషం దీన్ని ఆలోచించాలి.

పొడి మీద వేడినీళ్ళు పోసి కిందికి బొట్టుబొట్టుగా దింపే పాత్ర అప్పటికే పారిస్‌లో ఉంది. దాన్ని డి బెల్వా పేరుతో పిలిచేవారు. అందుచేత రంఫర్డ్ దాన్ని కనిపెట్టాడనడం సరికాదు. ఆయన చేసింది దాన్ని కొలవడం. మూడు సంగతులు తేల్చాడు. ఒకటి, నీళ్ళు మరిగే వేడికి దగ్గరగా ఉండాలి గాని పొడిని నీళ్ళలో ఉడికించకూడదు. అంచేత నీళ్ళు దిగేటంతసేపూ చల్లారకుండా పాత్ర చుట్టూ ఇంకో పాత్ర పెట్టి దాన్నిండా మరిగే నీళ్ళు పోశాడు. రెండు, పొడిని సమంగా పరిచి పైనుంచి బిళ్ళతో అణచాలి, లేకపోతే నీళ్ళు సందు చూసుకొని ఒక పక్కనుంచే జారిపోతాయి. మడిలో ఒక చోట గట్టు తెగితే మిగతా మడికి నీళ్ళెక్కనట్టే. మూడు, అణచకముందు పొడి మందం అంగుళంలో మూడింట రెండు వంతులు, అంటే సుమారు 17 మిల్లీమీటర్లు ఉండాలి. ఒక కప్పుకైనా పది కప్పులకైనా మందం అదే. కనుక కప్పులు పెరిగితే పాత్ర వెడల్పు పెరగాలి గాని పొడి ఎత్తు పెరగకూడదు. ఎన్ని కప్పులకు ఎంత వెడల్పో పట్టిక కూడా ఇచ్చాడు.

ఇప్పుడు మిర్యాలగూడకు వద్దాం. మాది చాయ్ ప్రాంతం. రైస్ మిల్లుల దగ్గర, బస్టాండు దగ్గర, సాగర్ ఎడమకాలువ కట్ట మీద ఎక్కడ చూసినా చాయే. కోదాడ దాటి జగ్గయ్యపేట వైపు పోతేగాని ఫిల్టరు కాఫీ ఇంటి అలవాటుగా కనబడదు. మా అక్కను ఇచ్చింది ఆ వైపే. పండుగలకు ఇంటికొచ్చినప్పుడు పొద్దున్నే కాఫీ లేక దానికి తలనొప్పి. సీసా పొడి కలిపి ఇస్తే మొహం మాడ్చుకొని తాగుతుంది. యాసంగి వడ్లు అమ్మిన పైసలు చేతికొచ్చినాక మా నాయిన నన్ను పిలిచి, సైన్సు చదువుతున్నవు గదా, బిడ్డ వస్తున్నది, కాఫీకి మంచిదొకటి చూసి తెమ్మన్నాడు. అయితే ఒక షరతు. తెచ్చింది పదేళ్ళుండాలి. అంతకు ముందు ఏడాది అమ్మకోసం కొన్న ఒక కరెంటు సామాను పద్నాలుగు నెలలకే మూలపడింది, గ్యారంటీ పన్నెండు నెలలే. రైతు ఇంట్లో వస్తువంటే గొడ్డలి లాగా, గడ్డపార లాగా ఉండాలని నాయిన లెక్క. ఆ లెక్క తప్పని నేననలేను.

బజారులో రెండు జాతులున్నాయి. ఒకటి కరెంటుది. ఇది చూడటానికి గొప్పగా ఉన్నా లోపల పంపు వంటిదేమీ ఉండదు. నీళ్ళ తొట్టి కింద ఒక వంపు తిరిగిన గొట్టం, దానికి అతుక్కొని వేడిచేసే తీగ ఉంటాయి. గొట్టంలో నీళ్ళు మరిగి బుడగలు పుడితే, వెనక్కి పోనివ్వని చిన్న కవాటం ఉంటుంది గనక ఆ బుడగలే నీటిని పైకి తోసి పొడి మీద చిలకరిస్తాయి. మొట్టమొదటి కరెంటు డ్రిప్పు యంత్రం జర్మనీలో 1954లో విగోమాట్ పేరుతో వచ్చింది. కాగితం వడపోత అంతకన్నా పాతది. 1908లో డ్రెస్డెన్ నగరంలో మెలిట్టా బెంట్జ్ అనే ఇల్లాలు ఇత్తడి గిన్నె అడుగున మేకుతో తూట్లు పొడిచి, బడికెళ్ళే కొడుకు నోటుబుక్కులోని అద్దుడు కాగితం చింపి అందులో వేసింది. కాఫీలో నలుసు పడటం ఆవిడకు గిట్టలేదు, అంతే. ఆ ఏడే పేటెంటు తీసుకొని కంపెనీ పెట్టింది. రంఫర్డ్‌కు రాజులు కావలసివచ్చారు, ఈవిడకు ఒక మేకూ ఒక కాగితమూ సరిపోయాయి.

కరెంటుదాన్ని పరీక్షించే పద్ధతి ఇంటర్ పాఠంలోనే ఉంది. 600 మిల్లీలీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 95 డిగ్రీలకు తేవడానికి సుమారు 176 కిలోజౌళ్ళు కావాలి. యంత్రం 700 వాట్లదైతే నాలుగు నిమిషాల పైచిలుకు పట్టాలి. కొంత వేడి పక్కకు పోతుందని ఇంకో నిమిషమో రెండో కలుపుకుందాం. పది నిమిషాలు తీసుకుంటున్నదంటే అందులో ఏదో తేడా ఉన్నట్టే. మా బంధువుల ఇంట్లో ఉన్న ఒక యంత్రం పొడి మీద చిలకరించే నీళ్ళలో థర్మామీటరు పెట్టి చూశాను. మొదట 80 దాటలేదు, చివరికిగాని 90 ఎక్కలేదు. కాఫీ సారం బాగా దిగాలంటే 90 నుంచి 96 మధ్య ఉండాలని ఇప్పటి నిపుణుల మాట, రంఫర్డ్ మాటా దానికి దగ్గరే. అందుకే ఆ ఇంటి కాఫీ పుల్లగా, పలచగా ఉంటుంది. పొడిని తిట్టి లాభం లేదు.

రెండో చిక్కు కింద ఉండే వేడిపలక. కాఫీ దిగిన గాజు జాడీ దాని మీదనే గంటలకొద్దీ కాగుతూ ఉంటుంది. రంఫర్డ్ వద్దన్న పనే అది. కొంటే ఫ్లాస్కు జాడీ ఉన్నది కొనాలి. ఇక్కడ ఒక ముచ్చట చెప్పి తీరాలి. శూన్యంలోంచి వేడి గాలిలోకంటే నెమ్మదిగా పోతుందని 1786 నాటికే రంఫర్డ్ ప్రయోగాలు చేసి రాశాడు. నూరేళ్ళు గడిచాక, 1892లో, ఆయన స్థాపించిన రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లోనే జేమ్స్ డ్యూయర్ రెండు గోడల నడుమ గాలి తీసేసిన ఫ్లాస్కును తయారుచేశాడు.

మూడో చిక్కు మన నల్లగొండ నీళ్ళది. మా బోరు నీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లగా సున్నం కడుతుంది. యంత్రంలోని సన్నని గొట్టంలో కూడా అదే కడుతుంది. సున్నం వేడిని సరిగా పోనివ్వదు, దారి ఇరుకౌతుంది, తీగ మాడుతుంది. నెలకోసారి నిమ్మ ఉప్పు కలిపిన నీళ్ళు పోసి తిప్పి, తరవాత రెండుసార్లు మంచినీళ్ళు తిప్పితే వదులుతుంది. ఇది చేసే ఓపిక ఉన్నవాళ్ళకు కరెంటు యంత్రం పనికివస్తుంది. వ్యవసాయపు ఇంట్లో నాట్ల కాలంలో ఎవరికుంటుంది ఆ ఓపిక?

రెండో జాతి మన స్టీలు ఫిల్టరు. పైగిన్నె అడుగున తూట్లు, పొడిని అణచేందుకు కాడ ఉన్న బిళ్ళ, డికాక్షన్ దిగడానికి కిందిగిన్నె, మూత. రంఫర్డ్ చెప్పిన సామాన్లన్నీ ఉన్నాయి, చుట్టూ వేడినీళ్ళ పాత్ర ఒక్కటే లేదు. అందులో పాడయ్యేదే లేదు. అయినా అన్నీ ఒకటి కావు. పైగిన్నెను వెలుతురుకు ఎత్తి చూడాలి. తూట్లు సన్నగా, ఒకే తీరుగా, అడుగంతా పరుచుకొని ఉండాలి. అడుగు సొట్ట పోకూడదు, పోతే పొడి మందం ఒక పక్క తగ్గుతుంది. రెండు గిన్నెలూ బిగుసుకుపోకుండా, ఊగకుండా కూర్చోవాలి. అన్నిటికంటే పెద్ద సంగతి సైజు. చుట్టాలొస్తే కావాలని అందరూ పెద్దది కొంటారు, రోజూ రెండు చెంచాలు వేస్తారు. అంత వెడల్పులో ఆ పొడి పలచని పొర, నీళ్ళు పోసీపోయగానే జర్రున దిగిపోతాయి, డికాక్షన్ రంగునీళ్ళవుతుంది. ఇంట్లో రోజూ తాగేవాళ్ళు ఇద్దరైతే ఇద్దరి సైజే కొనాలి. రంఫర్డ్ పట్టిక వేసి మరీ చెప్పిన మాట ఇదే. చుట్టాల కోసం కావాలంటే రెండోది కొనుక్కోవచ్చు, రెండూ కలిపినా యంత్రం ఖరీదుకు చాలా తక్కువే.

ఇత్తడిదా స్టీలుదా అని కొట్టువాళ్ళు వాదిస్తారు. ఇత్తడిలో వేడి స్టీలులోకంటే చాలా త్వరగా పాకుతుంది, నిజమే. కాని అంత పలచని గోడలో ఆ తేడా లెక్కకు రాదు. వేడి పోయేది గోడ బయటి గాలిలోకి, వికిరణంగా చుట్టుపక్కలకు. మెరిసే లోహపు పాత్ర కంటే మసిపూసిన పాత్ర త్వరగా చల్లారుతుందని రంఫర్డ్ 1804 నాటికే చూపించాడు. కాబట్టి ఏదైనా సరే తళతళలాడాలి. ఇత్తడిదైతే లోపల కళాయి ఉండాలి, అది అరిగినప్పుడల్లా మళ్ళీ వేయించాలి, కళాయి వేసేవాడు ఇప్పుడు మా వీధికి రావడం లేదు. మేము స్టీలుదే తెచ్చాం, మూడు కప్పులది, రోజూ తాగే అమ్మకూ వస్తే తాగే అక్కకూ. అమ్మకు ముందే అలవాటైంది, చాయ్ పక్కన పెట్టింది. అక్క వచ్చి మొదటి కప్పు తాగి ఏమీ అనలేదు, రెండో కప్పు అడిగింది. చలికాలంలో ఫిల్టరును వేడినీళ్ళ గిన్నెలో నిలబెట్టి డికాక్షన్ దింపమని అమ్మకు చెప్పాను. ఆవిడ చలికాలమే కాదు, రోజూ అట్లనే చేస్తున్నది. రంఫర్డ్ గారి వేడినీళ్ళ పాత్ర మా వంటింట్లో చెంబుడు ఖర్చు లేకుండా తయారైంది. పొడి మాత్రం అరకుది తెప్పిస్తున్నాం. మన్యం గిరిజన రైతులు పండించే ఆ కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది, రైతు రైతుదే కొనాలని నాయిన సరదా.

రంఫర్డ్ చివరి రోజులు పారిస్ శివార్లలోని ఓతేయ్‌లో గడిచాయి. చలికాలంలో తెల్లబట్టలు వేడిని తక్కువగా పోనిస్తాయని నమ్మి తలనుంచి కాళ్ళదాకా తెల్లగా ధరించి వీధుల్లో తిరిగేవాడు, జనం వింతగా చూసేవారు. మద్యం తాగడు, కాఫీ తాగేవాడు. కూతురు సారా వచ్చి కొన్నాళ్ళు ఉండేది, వెళ్ళేది. 1814 ఆగస్టు 21న జ్వరంతో కన్నుమూశాడు. ఓతేయ్‌లోనే సమాధి చేశారు. హాజరు పట్టీలో పేరు లేకుండా పాఠాలు విన్న ఆ హార్వర్డ్‌కు ఆస్తిలో భాగం రాసిపోగా, ఆయన పేరిట అక్కడ ఒక ప్రొఫెసర్ పదవి ఏర్పడింది.

కూతురు సారా తండ్రి బిరుదును నిలుపుకొని కౌంటెస్ రంఫర్డ్ అనిపించుకుంది. పెళ్ళి చేసుకోలేదు. తల్లి బతికిన కాంకర్డ్ ఇంటికే చివరికి తిరిగివచ్చి 1852లో చనిపోయింది. ఆస్తిని అనాథ పిల్లల ఆశ్రమానికి రాసింది. ఆ ఆశ్రమానికి పెట్టిన పేరులో తల్లి ఇంటిపేరు రోల్ఫ్ ముందు, తండ్రి బిరుదు రంఫర్డ్ తరవాత ఉన్నాయి.